దర్వాజా బయటి స్టేషన్

హైదరాబాద్‌కు రైలు 1874లో వచ్చింది. వాడి నుంచి వేసిన ఆ పట్టాలకు పైసలు నిజాం హుకూమత్‌వి. బండి చేరిన మంజిల్ మాత్రం సికింద్రాబాద్, అంటే అంగ్రేజుల ఛావనీ. చార్మినార్ చుట్టూ ఉన్న అసలు షహర్ మూసీకి ఇవతలే ఉండిపోయింది. 1907లో కట్టిన నాంపల్లి స్టేషన్ కూడా నదికి అవతలే. కాచిగూడ స్టేషన్ 1916 నాటిది. అక్కడి నుంచి దక్షిణానికి పోయే లైన్ మూసీ దాటింది గానీ, పాత షహర్‌ను తూర్పు అంచున తాకుతూ ఫలక్‌నుమా వైపు సాగిపోయింది. ఆ దారిలో డబీర్‌పురా, యాకుత్‌పురా స్టేషన్లున్నాయి కదా, ఆ రెండూ పాత కోటగోడ దర్వాజాల పేర్లే!

దీనికి సబబు లేకపోలేదు. ఇరుకు గల్లీలు, మసీదులు, ఖబ్రస్తాన్ల నడుమ పట్టాలు వేయడం ఆసాన్ కాదు. కానీ స్టేషన్ ఎక్కడుంటే రోజీ అక్కడ పుడుతుంది.

నాంపల్లినే చూడండి. రైలు రాకముందు అక్కడికి జనాన్ని రప్పించింది యూసుఫైన్ దర్గా. రైలు వచ్చాక ముసాఫిర్ల కోసం 1919లో స్టేషన్ ఎదురుగా సరాయి కట్టించారు. బండి దిగినవాడికి కూలీ కావాలి, టాంగా కావాలి, చాయ్, రోటీ, రాత్రికి ఒక మంచం కావాలి. ఇవన్నీ ఎవరో ఒకరి ఇంట్లో పొయ్యి వెలిగించే పనులే. 1938లో బాగ్-ఎ-ఆమ్‌లో మొదలైన నుమాయిష్ 1946లో నాంపల్లి మైదానానికి మారింది. శాలువాల మూటలతో కశ్మీర్ నుంచి వచ్చే తాజిర్లకైనా, పల్లెల నుంచి పిల్లలతో వచ్చే ఖాందాన్లకైనా స్టేషన్ పక్కనే మైదానం ఉండటం ఎంత సహూలత్!

1932లో నిజాం రైల్వే శాఖ 27 బస్సులతో, 166 మంది ఉద్యోగులతో బస్సులు నడపడం మొదలుపెట్టింది. పాత షహర్‌వాళ్లకు బస్సే ఆసరా అయింది, ఇప్పటికీ చాలామందికి అదే.

మెట్రో 2018లో నాంపల్లి మీదుగా నడిచింది. 2020 ఫిబ్రవరిలో జూబ్లీ బస్ స్టేషన్ నుంచి వచ్చిన లైన్ మూసీ ఒడ్డున ఎంజీబీఎస్ దగ్గర ఆగింది. ఫలక్‌నుమా దాకా పోవాల్సిన ఐదున్నర కిలోమీటర్లు కాగితం మీదే మిగిలాయి. అంటే 1874 నాటి కథే మళ్లీ! చివరికి పాత షహర్ మెట్రోకు 2024 మార్చి 8న పునాదిరాయి పడింది.

ఇప్పుడు అసలు సవాల్. ఈసారి దారి అంచున కాదు, దారుల్‌షిఫా, పురానీ హవేలీ, మీర్ మోమిన్ దాయిరా, షాలిబండల నడుమ నుంచే. రోడ్డు వెడల్పు కోసం పోయే జాగాకు చదరపు గజానికి 81,000 రూపాయలు ఖరారు చేశారు. అది మాలిక్‌కు అందే రఖం. ఆ మల్గీలో ముప్పై ఏళ్లుగా కిరాయికి కూర్చున్న దర్జీ, ఘడీసాజ్, అత్తర్ దుకాణందారు సంగతేమిటి? వేరే మొహల్లాకు పోతే పాత గిరాకీ వాళ్ల వెంట రాదు. మెట్రో వచ్చాక పెరిగే కిరాయి కట్టి వెనక్కి రావడం ఎందరికి కుదురుతుంది?

2013 భూసేకరణ చట్టం సొంత జాగా లేకున్నా, అక్కడ మూడేళ్లుగా పనిచేస్తూ రోజీ పోగొట్టుకునేవారిని కూడా బాధిత కుటుంబాల్లో లెక్కిస్తుంది. ఆ దారిలో మీ దుకాణం ఉంటే కిరాయి రసీదులు, కరెంటు బిల్లులు, ట్రేడ్ లైసెన్స్ ఇవాళే ఒక ఫైల్‌లో పెట్టండి. మాలిక్‌తో పాటు మీరూ దఫ్తర్‌కు వెళ్లండి.