ఆస్కార్ పాటల పోటీ: 1934 నుంచి ‘నాటు నాటు’ వరకు

ఈ భాగం చదివిన తరువాత మీరు ఆస్కార్ పాటల విభాగం ఎలా రూపుదిద్దుకుందో, అందులో ఒక తెలుగు పాట స్థానం ఏమిటో వివరించగలుగుతారు.

1. నియమాన్ని మార్చిన పాట

ఆస్కార్ పురస్కారాల్లో ఉత్తమ పాట విభాగం 1934 నాటి చిత్రాలతో మొదలైంది. తొలి పురస్కారం ‘ది కాంటినెంటల్’ పాటకు దక్కింది. 1941 చిత్రం ‘లేడీ బి గుడ్’లోని ‘ది లాస్ట్ టైమ్ ఐ సా పారిస్’ గెలిచినప్పుడు ఒక చిక్కు బయటపడింది. ఆ పాట సినిమా కోసం రాసినది కాదు. అంతకు ముందే ప్రచారంలో ఉంది. స్వరకర్త జెరోమ్ కెర్న్ స్వయంగా నియమాన్ని మార్చాలని కోరాడు. అప్పటినుంచి పాటను చిత్రం కోసమే కొత్తగా రచించి ఉండాలి.

2. భాష హద్దు

1960 చిత్రం ‘నెవర్ ఆన్ సండే’లోని గ్రీకు పాట ఆంగ్లేతర భాషలో గెలిచిన మొదటి పాట. తరువాతి విజయానికి 2005 దాకా ఆగాల్సి వచ్చింది. అప్పుడు స్పానిష్ పాట గెలిచింది. 2009లో ‘జయ్ హో’ గెలిచినా, ‘స్లమ్‌డాగ్ మిలియనీర్’ బ్రిటిష్ చిత్రం.

3. తెలుగు పాట

2022లో విడుదలైన ‘ఆర్ఆర్ఆర్’ను భారతదేశం అధికారికంగా పంపలేదు, ఆ స్థానం గుజరాతీ చిత్రం ‘ఛెల్లో షో’కు దక్కింది. ‘నాటు నాటు’ సాధారణ విభాగంలో లేడీ గాగా, రిహానా పాటలతో నేరుగా పోటీపడి, 2023 మార్చి 12న గెలిచింది. భారతీయ చిత్రంలోని పాటకు ఇదే మొదటి ఆస్కార్.

దీని నడక ఆరు మాత్రల వేగపు నడక. సికింద్రాబాద్ ఉజ్జయినీ మహంకాళి బోనాల్లో తీన్‌మార్ దరువు విన్నవారికి ఇలాంటి ఊపు కొత్త కాదు. పల్లె ఆటపాటల ఒరవడే దీనికి బలం.

4. పరిశీలన

పురస్కారం స్వరకర్త ఎం.ఎం. కీరవాణికి, గీత రచయిత చంద్రబోస్‌కు అందింది. పాడిన రాహుల్ సిప్లిగంజ్, కాలభైరవలకు గాని, నృత్యం కూర్చిన ప్రేమ్ రక్షిత్‌కు గాని ఈ విభాగంలో చోటు లేదు. పాట అంటే రచన, స్వరం అన్న నిర్వచనమే ఇందుకు కారణం. తరతరాలుగా ఊరంతా కలిసి కట్టుకున్న జానపద గీతం ఉన్నదున్నట్టుగా ఈ పోటీకి అర్హం కాదు. అదే ఒరవడిలో పేరున్న రచయిత కొత్తగా రాస్తే అర్హమవుతుంది. కనుక ఈ విజయం తెలుగు జానపదానికి దక్కిన గౌరవమే అయినా, ఆ సంప్రదాయాన్ని నిలిపిన అజ్ఞాత గాయకుల పేర్లు చరిత్రలోకి రావాలంటే పాటల సేకరణ, అధ్యయనం తప్పనిసరి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. 1941 నాటి పాట వల్ల నియమం ఎలా మారింది?
2. జానపద గీతానికి, జానపద ఒరవడిలో రాసిన పాటకు గల భేదాన్ని మీ ప్రాంతపు ఉదాహరణతో వివరించండి.