మంచు షర్బత్ కథ : సుల్తానుల గుడారం నుంచి మన వంటింటి దాకా



ఈ ఏటి సావనీరుకు చరిత్ర మీద ఏదైనా వ్యాసం వ్రాసి ఇవ్వండి మాస్టారూ అని మన కార్యదర్శిగారు మా ఇంటికి వచ్చినప్పుడు మిట్టమధ్యాహ్నం. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు గదా, ఆ రోజు అట్లాగే ఉన్నది. మా కోడలు రెండు గ్లాసుల్లో పుచ్చకాయ, నిమ్మరసం కలిపిన మంచు షర్బత్ తెచ్చి ముందు పెట్టింది. కార్యదర్శిగారు ఒక గుక్క తాగి, "ఇంక వేరే విషయం ఎందుకండీ, దీనిమీదే వ్రాయండి" అని నవ్వారు. ఆయన వేళాకోళానికే అన్నారు. కాని ఆలోచించి చూస్తే ఆ గ్లాసు వెనుక వెయ్యేళ్ళ చరిత్ర ఉన్నదనిపించింది. ఆ చరిత్రలో ఒక పాఠం కూడా ఉన్నది. అది తెలియక నేను ఒక ఏడు పెద్ద పొరపాటు చేశాను. ఆ సంగతి చివర చెప్తాను.

మాటల వెనుక దారి

షర్బత్ అనేది అరబ్బీ మాట. తాగడం అనే అర్థమిచ్చే ధాతువు నుంచి పుట్టినది. ఐరోపా వారి సిరప్, సోర్బెట్ అనే మాటలు కూడా ఆ ఇంటి పిల్లలే. అయితే షర్బత్‌లో పడే సరుకుల సంగతి చూడండి. నిమ్మజాతి చెట్లకు పుట్టిల్లు మన ఈశాన్య భారతం, బర్మా, దక్షిణ చైనా ప్రాంతం. మన నింబూ పారశీకంలో లీమూ, అరబ్బీలో లైమూన్, ఇంగ్లీషులో లెమన్ అయినది. చెరకు రసాన్ని కాచి పంచదార చేయడం కూడా మన దేశంలోనే మొదలైనది. శర్కర అనే సంస్కృత పదం పారశీకంలో షకర్, అరబ్బీలో సుక్కర్, ఇంగ్లీషులో షుగర్. ఖండమే ఖంద్, అదే క్యాండీ.

అంటే నిమ్మ, చక్కెర ఇక్కడినుంచి పడమటికి ప్రయాణం చేసి, అక్కడి హకీములు, వంటవాళ్ళ చేతుల్లో షర్బత్‌గా మారి మళ్ళీ మన ఇంటికి వచ్చినవి. ఇక్కడ లేనిదల్లా ఒక్కటే, మంచు.

ఈజిప్టు షరాబ్‌ఖానా

11వ శతాబ్దంలో నాసిర్ ఖుస్రో అనే పారశీక కవి 1047 ప్రాంతంలో ఈజిప్టు చేరి, తాను చూసినవి, విన్నవి సఫర్‌నామాలో వ్రాసిపెట్టినాడు. అప్పుడు కైరోలో ఫాతిమీల పాలన. సుల్తానుగారి షరాబ్‌ఖానాకు, అంటే షర్బత్‌లు తయారుచేసే వంటశాలకు, రోజుకు 14 ఒంటెల మోత మంచు వచ్చేదట. అమీర్లకు, కొలువు వారికి అందులో వాటాలు ఉండేవి. అంతేకాదు, పట్టణంలో జబ్బుపడిన వారి కోసం ఎవరైనా వచ్చి అడిగితే అక్కడినుంచి ఇచ్చేవారని కూడా ఆయన వ్రాసినాడు. సుల్తాను సొత్తులో రోగికి కూడా భాగం ఉన్నదన్నమాట.

ఆ రోజుల్లో నిమ్మ షర్బత్ వట్టి దాహానికే కాదు, మందుగా కూడా చెల్లేది. సలాహుద్దీన్ సుల్తానుకు వైద్యుడైన ఇబ్న్ జుమై అనే యూదు హకీము నిమ్మకాయ గుణాల మీద ప్రత్యేకంగా ఒక గ్రంథమే వ్రాసినాడు.

ఒక గ్లాసు, ఒక ప్రాణం

సలాహుద్దీన్ పేరు వచ్చింది గనుక, చరిత్రలో అన్నిటికంటె ప్రసిద్ధమైన మంచు షర్బత్ సంగతి చెప్పాలి. 1187 జూలై 4న హిత్తీన్ దగ్గర పెద్ద యుద్ధం జరిగినది. ఎండ మండిపోతున్నది. క్రూసేడు సైన్యం నీరు దొరకక సగం దాహంతోనే ఓడిపోయింది. జెరూసలేం రాజు గై పట్టుబడినాడు. సుల్తాను అతణ్ణి తన గుడారంలో కూర్చోబెట్టుకొని, మంచుతో చల్లబరచిన షర్బత్ ఇప్పించినాడు. రాజు కొంత తాగి, ఆ పాత్రను పక్కనున్న రేనాల్డ్ అనే ప్రభువుకు అందించినాడు. వెంటనే సుల్తాను దుబాసీని పిలిచి, అతనికి ఇచ్చింది నీవే గాని నేను కాదు అని రాజుకు చెప్పమన్నాడు. పట్టుబడిన వానికి చేజేతులా అన్నంగాని, నీరుగాని ఇస్తే వాని ప్రాణానికి హామీ ఇచ్చినట్లే అని అరబ్బుల ఆచారం. ఒడంబడికలు తప్పి, బాటసారుల మీద, యాత్రికుల మీద పడి దోచిన రేనాల్డ్‌కు ఆ హామీ దక్కలేదు. ప్రాణం కూడా దక్కలేదు. రాజు మాత్రం బ్రతికినాడు.

అయిదేళ్ళ తరువాత, 1192లో, జాఫా దగ్గర ఇంగ్లండు రాజు రిచర్డుకు తీవ్రమైన జ్వరం పట్టుకున్నది. పండ్లు కావాలి, మంచు కావాలి అని కబురు పెట్టినాడు. ఎవరికి? తాను యుద్ధం చేస్తున్న సలాహుద్దీన్‌కే! సుల్తాను రెండూ పంపించినాడు. ఈ సంగతి సుల్తాను దగ్గరే కొలువు చేసిన బహాఉద్దీన్ ఇబ్న్ షద్దాద్ వ్రాసిపెట్టినాడు. పండూ, మంచూ శత్రువు గుడారానికి కూడా నడిచి వెళ్ళినవి.

హిందూస్తానంలో మంచు

1526లో ఢిల్లీ గెలిచిన బాబర్ పాదుషా తన ఆత్మకథలో మన దేశాన్ని గురించి చేసిన ఫిర్యాదులు చాలామందికి తెలిసినవే. ఇక్కడ మంచి ఖర్బూజా లేదు, ద్రాక్ష లేదు, మంచు లేదు, చల్లని నీరు లేదు అని వాపోయినాడు. కాబూలు గాలికి అలవాటుపడిన మనిషి, ఆగ్రా ఎండకు తట్టుకోలేకపోయినాడు పాపం.

మనుమడు అక్బర్ కాలానికి ఉపాయం దొరికినది. అబుల్ ఫజల్ ఆయినె అక్బరీలో ఆ పద్ధతి లెక్కతో సహా ఉన్నది. ఒక శేరు నీళ్ళు లోహపు కూజాలో పోసి మూతి బిగించాలి. వేరే పాత్రలో 5 శేర్ల నీళ్ళకు రెండున్నర శేర్ల సురేకారం కలపాలి. అందులో ఆ కూజాను పావుగంట సేపు తిప్పితే లోపలి నీళ్ళు చల్లబడతాయి. తుపాకి మందుకు వాడే సురేకారమే ఇది. నీటిలో కరిగేటప్పుడు చుట్టూ ఉన్న వేడిని లాగేసుకుంటుంది.

1586లో దర్బారు లాహోరుకు మారిన తరువాత అసలు మంచే వచ్చినది. 45 కోసుల దూరంలోని ఉత్తరపు కొండలనుంచి పడవల మీద, బండ్ల మీద, మనుషుల భుజాల మీద తెచ్చేవారు. వేసవిలో అన్ని తరగతుల వారూ వాడేవారని, గొప్పవారు మాత్రం ఏడాది పొడుగునా వాడేవారని అబుల్ ఫజల్ అంటాడు. అయినా మోసినవాని భుజం ఎంత కాలిందో ఏ గ్రంథంలోనూ లేదు.

కొండలు దగ్గరలేని చోట ఇంకొక తెలివి ఉండేది. అలహాబాదు ప్రాంతంలో చలికాలపు రాత్రుల్లో నేలలో గుంతలు తీసి, వాటిలో ఎండు చెరకు పిప్పి, జొన్నదంటు వంటివి పరచి, వాటిమీద వెడల్పాటి మట్టి మూకుళ్ళలో నీళ్ళు పెట్టేవారు. తెల్లవారుజామున పైన మంచు పలక కట్టేది. పొద్దు పొడవక ముందే ఏరి, గోతిలో దాచి, వేసవికి వాడుకునేవారు. 1775లో రాబర్టు బార్కర్ అనే ఇంగ్లీషాయన దీన్ని వివరంగా వ్రాసినాడు. ఆ మూకుళ్ళలో పోసేది కాచిన నీరు అని కూడా ఆయన వ్రాసినాడు. ఈ ముక్క గుర్తుంచుకోండి, దీనితో మనకు పని ఉన్నది.

ఓడ మీద వచ్చిన ఐసు

తరువాతి సంగతి వింటే పిల్లలు నమ్మరు. 1833లో అమెరికాలోని బోస్టను నుంచి టస్కనీ అనే ఓడ 180 టన్నుల ఐసు వేసుకొని నాలుగు నెలలు సముద్రంమీద ప్రయాణం చేసి కలకత్తా చేరినది. అక్కడి చెరువుల్లో గడ్డకట్టిన మంచును కోసి, రంపపు పొట్టులో కప్పి పంపిన వ్యాపారి ఫ్రెడరిక్ ట్యూడర్. దారిలో కరిగినది పోను ఇంచుమించు 100 టన్నులు మిగిలినది. మద్రాసులో సముద్రపు ఒడ్డున 1842లో ఐసు నిలవచేయడానికి పెద్ద గుండ్రని కట్టడం కట్టినారు. అదే ఐస్‌హౌస్. 1897లో వివేకానందస్వామి బస చేసినందువల్ల ఇప్పుడు దానిని వివేకానందుల ఇల్లు అంటారు. ఆ రోజుల్లో మన కోస్తా, సీమ జిల్లాలన్నీ మద్రాసు రాజధాని కిందే ఉండేవి. మన తాత ముత్తాతల్లో మద్రాసు వెళ్ళినవారు ఆ ఐసు చూసే ఉంటారు. చూడటమే, తాగటం దొరల వంతు.

1870 దశకంలో మద్రాసు, కలకత్తాలలో యంత్రాలతో ఐసు చేయడం మొదలయ్యాక అమెరికా ఓడల పని తీరిపోయింది. ఆ దశకంలోనే ఇంగ్లండులో హైరమ్ కాడ్ గోలీసీసా కనిపెట్టినాడు. తరువాత మన బజార్లలో నిమ్మకాయ సోడా పుట్టినది. 1907లో ఢిల్లీలో హకీం అబ్దుల్ మజీద్‌గారు రూహ్ అఫ్జా తయారుచేసినారు. క్రమంగా ఐసు ఫ్యాక్టరీలు మన చిన్న పట్టణాలకు కూడా వచ్చినవి. నా చిన్నతనంలో రంజాన్ వేసవిలో వస్తే, అసర్ నమాజు కాగానే పిల్లలందరం గోనెగుడ్డ పట్టుకొని ఐసు డిపోకు పరుగెత్తేవాళ్ళం. పొట్టు అంటుకున్న ఆ గడ్డను గుండెకు హత్తుకొని ఇంటికి తెస్తే, సగం చొక్కాలోనే కరిగిపోయేది. అమ్మీ దానిని కడిగి, కొట్టి, నిమ్మరసంలో వేసి, నానిన సబ్జా గింజలు కలిపేది. ఆ రుచి ఈనాటికీ మరువలేదు.

నేను చేసిన పొరపాటు

1985లో రంజాన్ మే నెలాఖరులో మొదలయినది. మా వీధివారందరం కలిసి ఇఫ్తార్ పెట్టుకున్నాం. షర్బత్ బాధ్యత నాది. డబ్బు కలిసివస్తుందని, ఎప్పుడూ తెచ్చే చోటు మాని, చేపల పెట్టెలకు ఐసు వేసే డిపోనుంచి దిమ్మ తెప్పించాను. రిక్షాలో వచ్చిన దిమ్మను మోరీ పక్కనే గోనె పరచి పగలగొట్టాము. అందరూ చల్లగా ఉందని మెచ్చుకున్నారు. రెండు రోజులు తిరక్కముందే చాలా ఇళ్ళలో వాంతులు, విరేచనాలు. కొన్ని వారాల తరువాత ఇద్దరు ముగ్గురికి కామెర్లు. మా చెల్లెలి కొడుకు ఏడేళ్ళవాడు, వారం రోజులు ఆసుపత్రిలో సెలైను మీద ఉన్నాడు. అల్లాహ్ దయవల్ల బ్రతికి బయటపడ్డాడు. చెల్లెలు నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అనివుంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది.

గడ్డకట్టితే క్రిములు చచ్చిపోతాయని అప్పుడు నేను అనుకున్నాను. అది తప్పు. చాలా క్రిములు ఐసులో నిద్రపోతాయంతే. కరగగానే మళ్ళీ లేస్తాయి. నీరు ఎంత శుభ్రమో ఐసు అంతే శుభ్రం. అలహాబాదు పల్లెటూరి మనిషి 1775లో కాచిన నీళ్ళు పోసినాడు. చదువుకున్న నేను ఆ మాత్రం ఆలోచించలేదు.

ఇంట్లో చేసుకునే విధానం

అందుకే ఈ మధ్య మా ఇంట్లో బయటి ఐసు ముట్టం. అసలు ఐసే అక్కరలేని పద్ధతి మా కోడలు చేస్తున్నది. పండునే ఐసుగా మారుస్తుంది. ఆరు గ్లాసులకు లెక్క ఇది.

గింజలు తీసిన పుచ్చకాయ ముక్కలు నాలుగు కప్పులు తీసుకోవాలి. స్టీలు పళ్ళెంలో ఒకదానికొకటి తగలకుండా పరచి, మూతపెట్టి, రాత్రంతా ఫ్రీజరులో ఉంచాలి. పోగువేస్తే ఒకే దిమ్మ అయి మిక్సీ బ్లేడు విరుగుతుంది, జాగ్రత్త. ముప్పాతిక కప్పు పంచదారను అన్ని నీళ్ళలోనే వేసి, ఒక పొంగు రానిచ్చి, పూర్తిగా చల్లార్చాలి. నాలుగయిదు నిమ్మకాయల రసం ఆ పాకం చల్లారిన తరువాతే పోయాలి. వేడిమీద పోస్తే వాసన చచ్చిపోతుంది. గింజ పడితే చేదు. ఇత్తడి, అల్యూమినియం గిన్నెల్లో కలపరాదు. గాజుగాని, స్టీలుగాని వాడాలి. గడ్డకట్టిన ముక్కలు, ఆ పాకం, చిటికెడు ఉప్పు, నాలుగు పుదీనా ఆకులు, ఒక గ్లాసు కాచి చల్లార్చిన నీరు మిక్సీలో వేసి తిప్పితే మంచులాగా నురుగు కడుతుంది. వెంటనే పోసి ఇవ్వాలి. కావలసినవారు నానిన సబ్జా వేసుకోవచ్చు. పుచ్చకాయకు బదులు ఖర్బూజాగాని, మామిడిపండుగాని వాడవచ్చును. మామిడికి పంచదార సగం చాలు. చక్కెర జబ్బు ఉన్నవారు పాకం మానినా పండులో చక్కెర ఉంటుంది గనుక కొద్దిగానే తాగాలి.

మామూలు ఐసు వేస్తే కరిగేకొద్దీ షర్బత్ పలచబడుతుంది. ఇందులో కరిగేది కూడా పండే గనుక ఆఖరి గుక్క దాకా ఒకే రుచి.

చివరి మాట

ఒకప్పుడు 14 ఒంటెలు, 45 కోసుల దారి, నాలుగు నెలల సముద్రం కావలసి వచ్చిన చల్లదనం ఇవాళ మన వంటింటి మూలలో ఉన్నది. అయితే ఇప్పటికీ ఫ్రిజ్ లేని ఇళ్ళు మన మధ్యనే ఉన్నవి. ఎండలో రిక్షా తొక్కేవారు, మూటలు మోసేవారు, గ్యాసు బండలు తెచ్చేవారు మన గుమ్మం ముందుకే వస్తున్నారు.

కాబట్టి ఒక చిన్న మనవి. వచ్చే వేసవిలో మన సంఘం చలివేంద్రం పెడితే, ఐసు బజారునుంచి కొనవద్దు. ప్రతి సభ్యుని ఇంటినుంచి కాచిన నీళ్ళతో చేసిన ఐసు రెండు డబ్బాలు, పది నిమ్మకాయలు వస్తే చాలు. అక్కలు, చెల్లెళ్ళు తలచుకుంటే ఇది పెద్ద పనేమీ కాదు. ఏ మతంవాడైనా, ఏ ఊరివాడైనా దాహంతో వచ్చినవానికి శుభ్రమైన గ్లాసు అందాలి. చేతికి గ్లాసు ఇస్తే ప్రాణానికి హామీ ఇచ్చినట్లేనని ఆనాటి ఆచారం చెప్పినది. ఆ హామీని నేను ఒకసారి నిలబెట్టుకోలేకపోయాను. మీరందరూ నిలబెట్టాలని కోరుతూ సెలవు తీసుకుంటాను.

ఖుదా హాఫిజ్.