ఒంటరి చెట్టుకు చుట్టాలు ఎంత దూరాన ఉంటారు?



మా చెలక నడుమ ఒక ఇప్పచెట్టు ఉంది. ఒకప్పుడు అక్కడంతా అడవేనని మా తాత చెప్పేవాడు. ట్రాక్టరు తిప్పడానికి అడ్డమవుతోందని, నీడకు పైరు ఎదగట్లేదని మా పిల్లలు దాన్ని కొట్టేద్దామంటున్నారు. "ఒక్క చెట్టు ఉంటే ఎంత, పోతే ఎంత?" అన్నది వాళ్ల మాట. వాళ్లకు చెప్పిన సంగతే మీకూ చెబుతున్నా.

ఈ మాట పెద్ద పెద్ద శాస్త్రవేత్తలు కూడా అన్నదే. మధ్య అమెరికాలోని కోస్టారికా అడవుల్లో పనిచేసిన డేనియల్ జాంజెన్, అడవి నరికాక పశువుల బీళ్లలో మిగిలిన ఒంటరి చెట్లను 1980ల్లో 'బతికున్న శవాలు' అన్నాడు. తోడు చెట్లు లేవు, పుప్పొడి అందదు, కింద పిల్లమొక్క నిలవదు. ఇక కాలం తీరేదాకా ఊరికే నిలబడి ఉండడమే అని ఆయన ఉద్దేశం.

అది నిజమో కాదో తేల్చడం అప్పట్లో కష్టం. ఈగ మోసుకొచ్చిన పుప్పొడి ఏ చెట్టుదో కంటితో చూసి ఎట్లా చెబుతాం?

1990ల్లో దానికి దారి దొరికింది. డీఎన్ఏలో కొన్ని చోట్ల రెండు మూడు అక్షరాల ముక్క మళ్లీ మళ్లీ వస్తుంటుంది. ఎన్నిసార్లు వస్తుందన్నది చెట్టుకూ చెట్టుకూ మారుతుంది. వీటినే మైక్రోశాటిలైట్ మార్కర్లు అంటారు. పొలానికి హద్దురాళ్లు ఎట్లాగో, చెట్టును గుర్తుపట్టడానికి ఇవి అట్లా. మొలకలో సగం తల్లిది, సగం తండ్రిది. తల్లి వాటా పక్కన పెడితే మిగిలింది తండ్రి గుర్తు. చుట్టుపక్కల చెట్ల ఆకులు తెచ్చి పోల్చి చూస్తే తండ్రి ఎవరో బయటపడుతుంది.

1998లో ఆల్డ్రిచ్, హామ్రిక్ అనే ఇద్దరు కోస్టారికాలోనే సింఫోనియా అనే చెట్టు మీద ఈ లెక్క తీశారు. మొలకలు మిగిలిన అడవి ముక్కల్లోనే ఉన్నాయి. కానీ వాటిలో ఎక్కువ వాటికి కన్నవాళ్లు బయట బీళ్లలో నిలబడ్డ చెట్లే! శవాలనుకున్నవే అడవికి పిల్లల్ని ఇస్తున్నాయి.

2001లో క్రిస్టఫర్ డిక్ అమెజాన్‌లో, మనాస్ నగరానికి ఉత్తరాన, డినీజియా అనే మహావృక్షాన్ని చూశాడు. బీడులోని చెట్లు అడవిలోని వాటికంటే మూడింతలకు పైగా కాశాయి. అక్కడి పూల మీద ఎక్కువగా కనిపించింది ఆఫ్రికా జాతి తేనెటీగలు. 1957లో బ్రెజిల్‌లో మనుషుల చేతిలోంచి తప్పించుకుని పెరిగిన సంతతి అది. పుప్పొడిని మూడు కిలోమీటర్ల దూరం దాకా అవే మోశాయి.

మరుసటి ఏడు, 2002లో, హోండురాస్‌లో ఒక రకం మహాగని మీద పరిశోధన ఫలితాలు వచ్చాయి. అక్కడ పుప్పొడి నాలుగున్నర కిలోమీటర్లకు పైగా వచ్చిందని తేలింది. అంటే మనకు ఊరు దాటి పక్క ఊరు!

అయితే ఇక్కడితో సంబరపడొద్దు. కోస్టారికా లెక్కలోనే రెండో మాట కూడా ఉంది. మొలకలు ఎన్ని ఉన్నా కన్నవి కొన్ని చెట్లే కాబట్టి, వంశం ఇరుకైపోతోంది. పైకి పచ్చగా కనిపిస్తుంది, లోపల అందరూ దగ్గరి చుట్టాలే. అట్లాంటి మందలో ఒకదాన్ని పట్టిన తెగులు అన్నిటినీ పట్టే ప్రమాదం ఉంటుంది. ఒకే పోతుతో మందంతా దాటించుకుంటూ పోతే ఏమవుతుందో మనకు తెలియనిది కాదు.

అందుకే రెండు మాటలు. ఒకటి, పొలం నడుమ ఉన్న ఒంటరి చెట్టు ఒంటరిది కాకపోవచ్చు. దాన్ని నరికితే రెండు అడవి ముక్కల మధ్య వంతెన తెగొచ్చు. రెండు, గట్ల మీద నాటడానికి గింజలు ఏరేటప్పుడు బాగా కాసిందని ఒక్క చెట్టు కిందే సంచి నింపొద్దు. దూరదూరంగా ఉన్న పది చెట్ల కింద తలా పిడికెడు ఏరండి.

మా ఇప్పచెట్టు మీద పూత కాలంలో రాత్రిళ్లు గబ్బిలాలు వాలుతాయి. అవి ఎక్కడి నుంచి వస్తాయో, ఏ చెట్టు కబురు తెస్తాయో నాకు తెలియదు. ఈసారికి మాత్రం ట్రాక్టరే చుట్టూ తిరిగి పోతుందని పిల్లలకు చెప్పా. ఒప్పుకున్నారు.

మీ చెలకల్లో ఇట్లా మిగిలిన చెట్టు ఏది? కింద రాయండి.