హిమసీమలో యువజన క్రీడలు



ముప్పది యేండ్లకుఁ బైగా పల్లెబడులలో వ్యాకరణము చెప్పిన నేను ఆటలను గూర్చి ప్రసంగించుట కొందఱకు వింతగాఁ దోఁచవచ్చును. ఒకసారి మా పాఠశాలలో చుట్టుపట్ల బడుల పిల్లలకుఁ బోటీలు జరిగినవి. చదువు చెడునని కొందఱు పెద్దలు వాదించిరి; లోలోపల నేనును వారి పక్షమే. మూఁడు రాత్రులు పిల్లలు తరగతిగదులలోఁ బండుకొనిరి. ఊరివారు వంతులు వేసికొని వండిపెట్టిరి. పందెములలో నెవరు గెలిచిరో మఱచితిని గాని, ఆ పందిరి క్రింది పంక్తిభోజనములను మఱువలేదు. ఆ జ్ఞాపకమే నన్నీ చరిత్ర యొద్దకుఁ గొనివచ్చినది.

కెనడా దేశమున 1967వ సంవత్సరమునఁ గ్యుబెక్ నగరమందు దేశీయ శీతకాల క్రీడలు మొదటిసారి జరిగెను. ఉత్తరపు కొననున్న యూకాన్, వాయవ్య ప్రాంతముల యువకులు వచ్చి యోడిపోయిరి. సత్త్వము లేక కాదు. దక్షిణపు నగరములవారికున్న క్రీడాశాలలును శిక్షణయు వారికి లేవు. అంతదూరము వచ్చి యోడుటకంటె తమ మంచునేలపైఁ దమవంటివారితోఁ బోటీపడుట మేలని యూకాన్ జట్టు సలహాదారు కాల్ మిల్లర్ తలఁచెను. అలాస్కా గవర్నరు వాల్టర్ హికెల్, యూకాన్ కమీషనరు జేమ్స్ స్మిత్, వాయవ్య ప్రాంతముల కమీషనరు స్టూవర్ట్ హాడ్జ్‌సన్ దానికిఁ జేయూఁత నిచ్చిరి. 1970లో ఎల్లోనైఫ్ పట్టణమున మొదటి ఆర్కిటిక్ శీతకాల క్రీడలను ప్రధాని పియెర్ ట్రూడో ప్రారంభించెను. వచ్చినవారు శిక్షకులతోఁ గూడ నైదువందలమంది.

అందు మంచుమీఁది హాకీ మొదలగు వానితోఁ బాటు ఇన్యూట్ ప్రజల పూర్వపు టాటలును గలవు. నేను మిక్కిలి మెచ్చునది ఒంటికాలి యెత్తుతన్ను. పైన వ్రేలాడఁగట్టిన చిన్న గుఱిని ఎగిరి యొక కాలితోఁ దన్ని, ఆ కాలిమీఁదనే నేలకు దిగవలెను. తొమ్మిదడుగులకుఁ బైగాఁ దన్నినవారు కలరు! పూర్వము వేఁటకాండ్రలో నొకఁడు ముందుగాఁ బరుగెత్తి వచ్చి, కేక వినరాని దూరముననే యిట్లెగిరి తన్ని, తిమింగిలమో కారిబూ యను దుప్పియో చిక్కినదని సంజ్ఞ చేసెడివాఁడని వారి పెద్దలు చెప్పుదురు. ఎదురుచూచు పల్లెకు అది యన్నపుఁ గబురు. ఒకఁడు తన్నఁబోవునపుడు ప్రత్యర్థియే దగ్గఱకు వచ్చి మెలకువ చెప్పుట యచ్చట వాడుక. మన కబడ్డీ బరిలో నిది యూహింపఁగలమా?

గెలిచినవారి పతకము గుండ్రని బిళ్ల కాదు. ఊలూ యను అర్ధచంద్రాకారపుఁ గత్తి రూపము. తోలు కోయుటకును మాంసము తఱుగుటకును అచ్చటి స్త్రీలు వాడు పనిముట్టది. ఇంటి కత్తిని విజయచిహ్నముగా నెంచిన బుద్ధికి నమస్కరించుచున్నాను.

రెండేండ్లకొకమాఱు జరుగు నీ క్రీడలకుఁ దఱచుగాఁ జిన్న పట్టణములే యాతిథ్యమిచ్చును. 2002లో గ్రీన్‌లాండునందలి నూక్, కెనడాయందలి ఇకాలూయిట్, నడుమ సముద్రమున్నను, భారమును పంచుకొనెను. 2018లో హే రివర్, ఫోర్ట్ స్మిత్ అను చిన్న యూళ్లు రెండు కలిసి నిర్వహించెను. తరగతిగదులలోఁ బిల్లలకుఁ బడకలు వేయుదురు. వండుట, వడ్డించుట, బండ్లు నడపుట ఊరివారే పూనుకొందురు. అంతటి చలిలోను, పరాయిబిడ్డకుఁ గంబళి చాలినదా యను చింత గృహస్థులదే.

2020 మార్చిలో వైట్‌హార్స్ పట్టణము సర్వమును సిద్ధము చేసికొని యుండఁగా, ఆరంభమునకు వారము దినముల ముందు కరోనా వ్యాధి భయముచేఁ గ్రీడలు రద్దయ్యెను. తరువాతి క్రీడలు 2023లో ఆల్బర్టాలోని వుడ్ బఫెలోలో జరుగునాఁటికి, ఆనాఁడు మూటలు కట్టుకొన్న పిల్లలలోఁ బలువురకు వయస్సు మించిపోయినది.