చెరుకు తోట పక్కన బడి

నిజాంసాగర్ కాలువ పారినంకనే మా రుద్రూర్ దిక్కు చెరుకు పెరిగింది. 1931లో మంజీర మీద ఆనకట్ట పూర్తయింది. 1937లో బోధన్ పక్కన శక్కర్‌నగర్‌లో ఫ్యాక్టరీ మొదలై, 2015 డిసెంబరులో మూతపడేదాకా మా బండ్లన్నీ అటే పోయేవి. ఇదంతా చూసి పెరిగినవాణ్ని కాబట్టి, మాస్టరు పని నుంచి రిటైరయ్యాక ఫిజీలో బా పట్టణం దగ్గరి పల్లెకు వాలంటీరుగా పోతే, చెరుకు ఆకుల గరగర విని పరాయి దేశమనిపించలేదు.

అక్కడ పొద్దుగాల రొట్టె, ఆలుగడ్డ కూర తిని చాయ తాగి బడికి పోయేది. కోతల కాలంలో సన్న పట్టాల మీద చిన్న ఇంజను చెరుకు పెట్టెలను రారవై మిల్లుకు లాక్కుపోతుంటే పిల్లల చూపంతా కిటికీలోనే. రెడ్డి, నాయుడు అన్న పేర్లున్న పిల్లలు నాతో ఫిజీ హిందీలో మాట్లాడేవాళ్లు. మాపటికి పెద్దలు చాప మీద కూచుని యంగోనా వేరు పొడిని నీళ్లలో పిసికి, కొబ్బరిచిప్పతో అందరికీ పోసేవాళ్లు. పాత సంగతులన్నీ నాకు ఆ చాప మీదనే తెలిసినవి.

1879 మే 14న 'లియోనిదాస్' ఓడ కలకత్తా నుంచి మొదటి గిర్మిట్ (ఒప్పంద) కూలీలను ఫిజీకి చేర్చింది. 1903 నుంచి మద్రాసు ఓడలూ పోయినయి. విశాఖపట్నం, ఉత్తర ఆర్కాటు జిల్లాల తెలుగువాళ్లు వాటిలోనే ఎక్కారు. 1916లో ఆఖరి ఓడ చేరేనాటికి పోయినవాళ్లు అరవై వేల పైచిలుకు, అందులో సుమారు పావు వంతు మద్రాసు దారిన పోయినవాళ్లే. ఒప్పందం ఐదేండ్లు. పది అడుగుల పొడుగు, ఏడు అడుగుల వెడల్పు గదిలో ముగ్గురు మగవాళ్లో, ఒక కాపురమో ఉండాలి. ఆ రోజుకిచ్చిన పని పూర్తి చేస్తే మగవాడికి ఒక షిల్లింగు, ఆడమనిషికి తొమ్మిది పెన్నీలు. నూరుగురు మగవాళ్లకు నలభై మంది ఆడవాళ్లుండాలని నియమం. ఆ నలభై మంది పడ్డ బాధ ఏ కాగితానికీ పూర్తిగా ఎక్కలేదని నా నమ్మకం. 1915లో సి.ఎఫ్. ఆండ్రూస్, పియర్సన్ వచ్చి చూసి రాసిన నివేదిక ఇండియాను కదిలించింది. 1920 జనవరి 1న మిగిలిన గిర్మిట్లన్నీ రద్దయినయి.

నన్ను పట్టుకున్నది ఆ తర్వాతి కథ. విడుదలైనవాళ్లు పది ఎకరాల కౌలు చెక్కల్లో చెరుకు వేసుకున్నారు. పిల్లలకు బడి కావాలి, వలస సర్కారేమో చెయ్యి విదిలించదు. అప్పుడు ఊరోళ్లే కమిటీ కట్టుకుని, చెరుకు పైసల్లోంచి చందా తీసి, కర్రలు, రేకులు మోసి బడులు నిలబెట్టారు. 1926లో నాందిలో సాధు కుప్పుస్వామి పెట్టిన దక్షిణాది వాళ్ల సంగం బడులు తెరిచింది. తెలుగువాళ్లు 1941లో ఆంధ్ర సంగం వేరుగా పెట్టుకున్నారు. 1939లో వచ్చిన రామకృష్ణ మిషన్ స్వామి రుద్రానంద చదువుతో ఆగలేదు, చెరుకు రైతులను మిల్లు కంపెనీ ముందు నిలబెట్టాడు. కొరడా భయానికి వంగిన నడుములు బడి కోసం కూలి అడగకుండా వంగినయి. నా దృష్టిలో ఫిజీ తెలుగువాళ్ల చరిత్రలో ఇంతకన్నా గొప్ప పుట లేదు.

ఇది నాకు ఇంత గట్టిగా తగలడానికి కారణం మా ఇంట్లోనే ఉంది. మా తాత పటేలింటికి వెట్టి చేశాడు. మోత మోసినందుకు గింజ కూడా రాలేదని మా నాయన చెప్పేవాడు. 1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన మొదలైన ఆంధ్ర మహాసభ, తర్వాతి ఏండ్లలో వెట్టి మీద గట్టిగా కొట్లాడింది. అదే తాత ముసలితనంలో పిల్లకాలువ పూడిక తీసే రోజు పలుగు పట్టుకుని అందరికన్నా ముందు పోయేవాడట.

ఫిజీలో నేనున్న పల్లె నుంచి ఏరు దాటితే అక్కడి ఆదివాసుల ఊరు. మొదటిసారి పోయినప్పుడు పద్ధతి ప్రకారం ఊరి పెద్ద ముందు యంగోనా వేళ్ల కట్ట పెట్టి అనుమతి అడిగాను. వాళ్లలో సోలెసోలెవాకి అని ఉంది: ఒకరి ఇల్లు కట్టాలన్నా, ఊరి తోట నాటాలన్నా అందరూ దిగుతారు, కూలి మాట రాదు. 2016 ఫిబ్రవరిలో విన్‌స్టన్ తుఫాను కప్పులు లేపుకుపోయినప్పుడు కూడా పల్లెలు ముందు ఆ బలంతోనే లేచినయి. ఫిజీలో ఇప్పటికీ అత్యధిక బడులు సర్కారు సొంతం కావు, కమిటీలవే. నేను చదువు చెప్పిన బడికి రంగు వేసింది కూడా చెరుకు కోసే మనుషులే, ఆదివారం పూట.