ఏడు ఎవరి లెక్క?

కొత్తగూడెంలో ఏడు అన్న అంకె అందరికీ ఒకటి కాదు. గనిలో పనిచేసి దిగిపోయిన పెద్దాయనకు అది వెంకటేశ్ ఖని. పాల్వంచ వాళ్ళకు థర్మల్ స్టేషన్. గోదావరి గట్టు ఊళ్ళవాళ్ళకు చేజారిన మండలాలు.

అన్నిటికన్నా పాత ఏడు గద్దెది. 1871లో విలియం కింగ్ ఇల్లందు దగ్గర బొగ్గు జాడ పట్టినప్పుడూ, 1889లో తవ్వకం మొదలైనప్పుడూ ఏలుతున్నది ఆరో నిజాం. 1920 డిసెంబరు 23న సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడినప్పుడు, 1945లో అది ప్రభుత్వం చేతికి వచ్చినప్పుడు ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్. నిజానికి గద్దెనెక్కినవాళ్ళను వరసగా లెక్కపెడితే ఆయన పదోవాడు. మధ్యలో నాసిర్ జంగ్, ముజఫర్ జంగ్, సలాబత్ జంగ్ ఉన్నారు. వాళ్ళను ఆసఫ్ జాల వరసలో చేర్చలేదు. ఆ ఏడు లెక్కపెట్టింది రాజులను కాదు, బిరుదులను. ఈ కిటుకు తెలిస్తే ఈ ప్రాంతపు అంకెలు చాలావరకు విప్పుకోవచ్చు.

గనుల దగ్గర ఏ ఊరి వరస ఆ ఊరిదే. కొత్తగూడెంలో వీకే-7, అంటే వెంకటేశ్ ఖని ఏడు, గోదావరిఖనిలో జీడీకే-7. వీకే-7 ఇంక్లైన్‌లోకి 2006లో కంటిన్యూయస్ మైనర్ యంత్రం దిగింది. గని నంబర్లు పైన ఇళ్ళకూ ఎక్కాయి: గోదావరిఖనిలో ఎనిమిదో ఇంక్లైన్ కాలనీ అంటే ఆటోవాడు మారుమాట అడగడు. ఇక గడియారంలో ఏడు. పొద్దున ఏడంటే మొదటి షిఫ్టు దిగేవేళ, రాత్రి షిఫ్టు బయటపడేవేళ. ఒకే ఇంట్లో ఒకరికి సద్ది కట్టే గంట, ఇంకొకరికి పక్క పరిచే గంట.

కల్లంలో వడ్లు కొలిచేవాళ్ళు ఏడు అనరు, ఏడుపు తగులుతుందని ‘ఆరున్నొక్కటి’ అంటారు. గని పేరులోనే ఉన్న అంకెను అలా దాటవేయడం కుదరదు. 2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్‌ఈపీ గనిని నీళ్ళు ముంచెత్తాయి. 17 మంది కార్మికులు చనిపోయారు. ఆ ఇళ్ళలో ఆ అంకెకు ఇంకో అర్థం లేదు.

పాల్వంచలో మరీ తిరకాసు. అక్కడి థర్మల్ స్టేషన్ కేటీపీఎస్‌లో మొదటి స్టేషన్లకు ఏ, బీ, సీ అని అక్షరాలిచ్చారు, తర్వాతి వాటికి ఐదు, ఆరు, ఏడు దశలన్నారు. యూనిట్ల వరస మాత్రం మొదటినుంచీ ఒక్కటే. కాబట్టి ఏడో యూనిట్ అంటే సీ స్టేషన్‌లోని 120 మెగావాట్ల పాత యంత్రం. ఏడో దశ అంటే 2018 డిసెంబరులో ఉత్పత్తిలోకి వచ్చిన 800 మెగావాట్లది. దాని యూనిట్ నంబరు 12. పాత ఏడు మూతపడింది, కొత్త ఏడు నడుస్తోంది. పేపర్లో ‘ఏడులో ఉత్పత్తి నిలిచింది’ అని మాత్రమే రాసే విలేకరి మీద నాకు నమ్మకం తక్కువ.

2014లో వచ్చినది రాజకీయపు ఏడు. పోలవరం ప్రాజెక్టు కోసం ఖమ్మం జిల్లా నుంచి భద్రాచలం, చింతూరు, కూనవరం, వీఆర్ పురం, కుక్కునూరు, వేలేరుపాడు, బూర్గంపాడు ఆంధ్రప్రదేశ్‌కు వెళ్ళాయి. ‘ఏడు మండలాలు’ అన్న మాట అలా నిలిచిపోయింది. కానీ భద్రాచలం పట్టణం తెలంగాణలోనే ఉంది, బూర్గంపాడులో కొన్ని ఊళ్ళూ మిగిలాయి. భద్రాచలం పల్లెలు అవతల ఎటపాక మండలమయ్యాయి, బూర్గంపాడు నుంచి పోయినవి కుక్కునూరులో కలిశాయి. ఇక్కడ ఏడని చెప్పుకునేవి అక్కడ ఆరు. రాముడి గుడి ఒక రాష్ట్రంలో, గుడి మాన్యం ఉన్న పురుషోత్తపట్నం ఇంకో రాష్ట్రంలో. ఏడూ వెనక్కి రావాలన్న మాట ఇప్పుడు భద్రాచలంలో బాగా తగ్గింది. పట్టణాన్ని ఆనుకుని ఉన్న ఎటపాక, పురుషోత్తపట్నం, గుండాల, కన్నాయిగూడెం, పిచ్చుకలపాడు చాలంటున్నారు. అంటే ఐదు, అవీ మండలాలు కాదు, పంచాయతీలు.