ఆకు వదలని కొవ్వు

ఒడుగత్తూరు వైపు శెనక్కాయలు పండించేవాళ్లకు నూనె అంటే గింజే గుర్తొస్తుంది. పప్పు బరువులో దాదాపు సగం నూనే; గానుగలో వేస్తే దిగుతుంది. హైదరాబాద్‌లో నూనెగింజల మీద ఏళ్ల తరబడి పరిశోధించిన కె.టి. అచయ 1993లో ఆ గానుగ మీదే ఒక పుస్తకం రాశారు. అదే మొక్క ఆకు నూరి పిండితే పసరే తప్ప నూనె చుక్క రాదు. గింజలోది మొలక కోసం దాచిన తిండి. ఆకులోని కొవ్వు నిల్వ సరుకు కాదు, కణాల పొరలే దానితో అల్లుకున్నవి.

ఆకు కణజాలం పట్టు ఎంత గట్టిదో రష్యన్ వృక్షశాస్త్రవేత్త మిఖాయిల్ త్స్వెట్ గమనించారు. ఆ పొరల్లోనే ఉండే పత్రహరితం విడిగా తీస్తే పెట్రోలియం ఈథర్‌లో ఇట్టే కరుగుతుంది. ఆకులో ఉన్నప్పుడు అదే ఈథర్‌కు లొంగదు. కాస్త ఆల్కహాల్ కలిపితే వచ్చేస్తుంది. అంటే కరగకపోవడం కాదు, కణజాలం పట్టుకుని ఉండడమే అడ్డు. ఆ పట్టునే ఆయన పనిముట్టుగా మార్చారు. సుద్దపొడి కూరిన గాజు గొట్టంలో ఆకు రసాన్ని పోస్తే పచ్చ, పసుపు రంగులు వేర్వేరు పట్టీలుగా విడిపోయాయి. 1903లో వార్సాలో ఈ సంగతి వివరించారు. 1906లో క్రొమటోగ్రఫీ అని పేరు పెట్టారు. ఆకు మొండితనం నుంచి ఇంత గొప్ప విద్య పుట్టడం నాకు ఇప్పటికీ అబ్బురమే.

క్లోరోఫామ్, మిథనాల్ కలిపి కొవ్వు తీసే పద్ధతులు తర్వాత స్థిరపడ్డాయి: 1957లో ఫోల్చ్ బృందానిది, 1959లో బ్లై, డయర్‌లది. రెండూ జంతు కణజాలం మీద పుట్టినవే. ఆకుకు అవి నేరుగా సరిపోవు. నూరగానే తెగిన కణాల్లోని ఎంజైములు కొవ్వును తినేస్తాయి. వాటిలో ఫాస్ఫోలైపేజ్-డి ఒకటి, 1947లో క్యారెట్‌లో బయటపడింది. అందుకే ఆకును నూరకుండానే కాగుతున్న ఐసోప్రొపనాల్‌లో వేస్తారు. ఎంజైములు చచ్చాకే నూరడం.

తీసిన కొవ్వులను వేరు చేయడానికి సిలికా పూసిన గాజు పలక చాలు. అడుగున రసం బొట్టుపెట్టి, క్లోరోఫామ్, మిథనాల్, కాస్త నీళ్లు కలిపిన ద్రావణంలో నిలబెడతారు. కెరోటిన్ పైకి పరుగెడుతుంది. గెలాక్టోజ్ అనే చక్కెర ఒకటి ఉన్న కొవ్వు దానికంటే కింద ఆగుతుంది, రెండున్నది ఇంకా కింద. అయొడిన్ ఆవిరి తగిలితే అంతదాకా కనబడని ఆ మచ్చలు గోధుమరంగుకు తేలతాయి. పాలలోని చక్కెరలో సగభాగమైన గెలాక్టోజ్ ఉన్న ఈ కొవ్వులే ఆకు కొవ్వుల్లో ముఖ్యభాగం.